తీగ మధ్యలో డబ్బీ

కుర్చీలో కూర్చున్న ప్రతిసారీ ఆమె ముందు తీగను తడిమేది. కీబోర్డు వెనకనుంచి బయల్దేరి, బల్ల అంచు దిగి, కంప్యూటరు వెనక్కి పోయే నల్లటి తీగ అది. దాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకొని, ఈ చివరనుంచి ఆ చివరదాకా మెల్లగా జార్చేది. అతుకు దగ్గర ఆగేది. అతుకును నొక్కి, కదలడం లేదని నమ్మకం కుదిరాక ముందుకు పోయేది. గొళ్ళెం పెట్టి పది అడుగులు నడిచాక వెనక్కి వచ్చి లాగి చూసుకునే మనిషిలా.

వకీలు ఆఫీసులో ఆమెను అందరూ టైపమ్మ అనేవారు. అక్కడ చేరి ముప్ఫై మూడేళ్ళు. కీబోర్డు వచ్చి ముప్ఫై రెండేళ్ళు. పెద్ద వకీలు మొదటి కంప్యూటరు కొన్నప్పుడు దానితోపాటు వచ్చింది. అడుగున ఇనప రేకు. ఎత్తితే ఇటుక ఎత్తినట్టు ఉంటుంది. మీటల మీది అక్షరాలు ఎప్పుడో అరిగిపోయాయి. ఆమెకు వాటితో పనిలేదు. మీట నొక్కితే లోపల స్ప్రింగు వంగి టక్కుమంటుంది, వదిలితే ఇంకోసారి టక్కుమంటుంది. ముందు గదిలో బెంచీ మీద కూర్చున్న కక్షిదారులకు ఆ చప్పుడే తమ పని జరుగుతోందనడానికి గుర్తు. చప్పుడు ఆగితే ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు.

టైపు నేర్చుకున్నది మిషన్ల మీద. ఒక పొడుగాటి గదిలో పన్నెండు మిషన్లు ఒకేసారి మోగేవి. నేర్పే ఆయన ఒకటే చెప్పేవాడు: మాట ముందు నోట్లో మెదలాలి, తరవాత వేలిలోకి రావాలి. అలా చేస్తే వరస తప్పదు, వాక్యం ఎగిరిపోదు. ఆమె కాగితాల్లో వరస ఎన్నడూ తప్పలేదు. పెద్ద వకీలు ఆమె టైపు చేసిన కాగితాన్ని చదవకుండా సంతకం పెట్టేవాడు. ఆమె మాత్రం ఆయన సంతకం పెట్టాక కూడా ఒకసారి చదివేది.

అనుమానం ఆమెకు ఊపిరితోపాటు వచ్చింది. చిన్నప్పుడు తన పెన్సిళ్ళ పెట్టె మూతకు అడ్డంగా వెంట్రుక అతికించి పోయేది, తమ్ముడు తెరిచాడో లేదో తెలియడానికి. తమ్ముడు తెరిచేవాడు. చూసుకొని, తన తలనుంచి ఒక వెంట్రుక పీకి అదే చోట అతికించేవాడు. పొట్టి వెంట్రుక చూసి ఆమె పట్టేసేది. పెళ్ళికి ముందు కాబోయే భర్త రాసిన రెండు ఉత్తరాల్లో చేతిరాత వేరుగా ఉందని, ఎదురుగా కూర్చోబెట్టి నాలుగు వాక్యాలు రాయించుకుంది. ఆయన బస్సు డిపోలో మెకానిక్కు. రెండో ఉత్తరం రాసిన రోజున వేలికి కట్టు ఉందని చెబితే, ఆ వేలు చూపించమంది.

"నువ్వు పుట్టకముందే నీ అనుమానం వచ్చి ఇల్లంతా చూసుకొని పోయుంటుంది," అనేవాడు ఆయన.

"చూసుకోవడం మంచిదేగా," అనేది ఆమె.

కంప్యూటర్లు రెండుసార్లు మారాయి. కీబోర్డు మారలేదు. దాని తీగ చివర బొటనవేలంత లావు గుండ్రటి ప్లగ్గు, అందులో అయిదు పిన్నులు. రెండో కంప్యూటరుకు చిన్న గుండ్రటి రంధ్రమే ఉంటే, మధ్యలో ఒక అడాప్టరు తొడిగారు. అది అడ్డు చెప్పకుండా పనిచేసింది. పెద్ద వకీలు పోయాక ఆయన కొడుకు కుర్చీలోకి వచ్చాడు. ఆయన తెప్పించిన మూడో కంప్యూటరు వెనక గుండ్రటి రంధ్రమన్నదే లేదు. అన్నీ పలకగా, సన్నగా ఉన్నాయి. దానితోపాటు పల్చటి కొత్త కీబోర్డు ఒకటి వచ్చింది.

"ఇక ఆ ఇటుకను పక్కన పెట్టండమ్మా," అన్నాడు చిన్న వకీలు.

"చేతులు ఒప్పుకోవు బాబూ."

ఆయన పట్టు పట్టలేదు. చిన్నప్పుడు ఆమె ఒళ్ళో కూర్చుని ఆ మీటలు నొక్కినవాడే.

ఆ సోమవారం మధ్యాహ్నం ఆమె బజారుకు పోయి పలక మొహం అడాప్టర్లు రెండు రకాలు తెచ్చింది. రెండూ పెట్టి చూసింది. కీబోర్డు మీద మూడు చిన్న దీపాలు ఒక్కసారి మెరిసి ఆరిపోయాయి. ఎన్ని మీటలు నొక్కినా తెర మీద ఏమీ పడలేదు. కీబోర్డును గుడ్డలో చుట్టుకొని తమ్ముడి దుకాణానికి పోయింది.

తమ్ముడిది మెట్ల కింద దుకాణం. తల వంచి లోపలికి పోవాలి. గోడల నిండా విప్పిన వస్తువులు, ఒక్కోదానికి దారంతో కట్టిన చీటీ, చీటీ మీద ఎవరిది, ఏ రోజు వచ్చింది, ఏ రోజు బిగించింది. ఊళ్ళో సగం ఆఫీసుల మిషన్లు అతని చేతిలోనే బాగుపడ్డాయి.

"మూడు దీపాలూ మెరిసి చచ్చిపోయాయిరా," అంది.

"చావలేదక్కా. అది మాట్లాడుతూనే ఉంది. అటుపక్క వాడికి అర్థం కావట్లేదు." అతను అడాప్టరును వేళ్ళమధ్య తిప్పి చూశాడు. "ఇది వట్టి చొక్కా. గుండ్రటి మొహానికి పలక మొహం తొడుగుతుంది. మాట మార్చదు. నీ కీబోర్డుది పాతకాలం మాట. మధ్యలో మాట మార్చి చెప్పే దుబాసీ ఒకడు కావాలి."

"దుబాసీ అంటే అంతా వింటాడు కదా."

"వినకుండా ఏం చెప్తాడు?"

"విన్నది గుర్తు పెట్టుకుంటాడా?"

"కాస్త జ్ఞాపకం ఉంటుంది. ఏ మీటకి ఏ అక్షరమో తెలియాలిగా. చిన్న డబ్బీ ఒకటి చేసి పెడతా. నాలుగు రోజులు ఇది నా దగ్గరుంచు."

కాస్త జ్ఞాపకం ఉంటుంది. ఆ మాట ఆమెతోపాటు ఆఫీసుదాకా నడిచి వచ్చింది.

ఆ నాలుగు రోజులూ పల్చటి కీబోర్డు మీద పని చేసింది. మీటలు నొక్కితే దిండు మీద వేలు పెట్టినట్టు ఉంది. చప్పుడు లేదు. చెవులకు కప్పుకున్న దుప్పటి ఎవరో లాగేసినట్టు ఉంది. గోడ గడియారం వినిపించింది. వీధిలో సైకిలు గంట వినిపించింది. బుధవారంనాడు ఇంకొకటి వినిపించింది. ఎవరో గుసగుసగా మాట్లాడుతున్నారు. ఆమె చేతులు ఆపి విన్నది. గుసగుస ఆగిపోయింది. మళ్ళీ టైపు మొదలుపెట్టింది. మళ్ళీ మొదలైంది.

ఆమె గదికీ ముందు గదికీ మధ్య ఉన్నది చెక్క అడ్డమే. అది కప్పుదాకా పోదు, పైన మూరెడు ఖాళీ. రెండుసార్లు లేచి వెళ్ళి తొంగిచూసింది. బెంచీ మీద మిల్లు పెద్దాయన చిన్నకొడుకు ఒక్కడే కూర్చుని ఉన్నాడు. తండ్రిని వకీలు గదిలోకి పంపి ఎదురుచూస్తున్నాడు. చేతిలో టీ గ్లాసు. తాగడం లేదు. ఆమెను చూసి తల దించుకున్నాడు. గుమ్మం దగ్గర ఊడ్చే ముసలామె వంగి నేల తుడుస్తోంది.

ఎవరితో మాట్లాడుతున్నాడో, అనుకుంది. ఆ సంగతి మనసులో ఒక మూల పెట్టుకుంది.

ఆ రోజు టైపు చేసింది మిల్లు పెద్దాయన వీలునామా. మిల్లు కొడుకులిద్దరికీ. పెద్ద ఇల్లు కొడుకులిద్దరికీ. వెనక ఉన్న చిన్న ఇల్లు మాత్రం ఆయనకు మూడేళ్ళుగా సేవ చేస్తున్న నర్సుకు. అక్కడ ఒక వాక్యం ఉంది. 'చివరి మూడేళ్ళూ నా చెయ్యి పట్టుకొని నడిపించిన మనిషికి.' చట్టం కాగితాల్లో అలాంటి వాక్యం రావడం అరుదు. ఆమె దాన్ని రెండుసార్లు సరిచూసుకుంది.

శుక్రవారం సాయంత్రం తమ్ముడు డబ్బీ తెచ్చి బిగించాడు. అగ్గిపెట్టెంత నల్లటి డబ్బీ. ఒకపక్కనుంచి కీబోర్డు తీగ లోపలికి పోతుంది, రెండోపక్కనుంచి సన్నటి తీగ బయటికి వచ్చి కంప్యూటరులోకి పోతుంది. మూత మీద ఒకే స్క్రూ, దాని తల మీద ఎర్రటి లక్క చుక్క. పక్కన ఆకుపచ్చ దీపం. ఆమె ఒక మీట నొక్కింది. టక్కుమంది. అక్షరం పడింది.

"ఈ దీపం ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుందా?"

"కంప్యూటరు నడుస్తున్నంతసేపూ."

"నేను టైపు చేయకపోయినా?"

"నువ్వు పడుకుంటే నీ గుండె ఆగుతుందా అక్కా?"

ఆమె నవ్వలేదు. తీగను తడిమింది. అతుకు ఉండాల్సిన చోట ఇప్పుడు డబ్బీ ఉంది. డబ్బీ కొంచెం వెచ్చగా తగిలింది.

మర్నాడు శనివారం వీలునామా రెండో ప్రతి టైపు చేసింది. పెద్దాయన ఆ వాక్యం కొట్టించేశాడు. ఇల్లు ఇస్తే చాలు, మాటలు చెబితే పిల్లలు చిన్నబుచ్చుకుంటారు అన్నాడట. మొదటి ప్రతిని వకీలు తన చేత్తో చించేశాడు. సంతకానికి ఇంకో పదిరోజులకు మంచి రోజు చూసుకున్నారు.

సోమవారం పొద్దున పెద్దాయన చిన్నకొడుకు ఆఫీసులోకి వచ్చాడు. వకీలు గది తలుపు వేసుకోలేదు. టైపమ్మకు ప్రతి మాటా వినిపించింది.

"'చివరి మూడేళ్ళూ నా చెయ్యి పట్టుకొని నడిపించిన మనిషికి.' బాగుంది వకీలుగారూ. మరి మేం ఏం చేశాం? కాళ్ళు పట్టి లాగామా?"

"ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరు చెబితే ఏం? ఉన్నమాటేగా. నాన్నను నిన్న అడిగాను. మొహం తిప్పుకొని పడుకున్నాడు. అన్నం ముట్టలేదు."

అతను వెళ్ళాక వకీలు పిలిచాడు. "టైపిస్టుగారూ, ఒకసారి రండి." మామూలుగా అమ్మా అని పిలిచే మనిషి టైపిస్టుగారూ అన్నాడంటే గాలి మారినట్టే.

"ఆ వాక్యం ముగ్గురికే తెలుసు. నాకు, మీకు, పెద్దాయనకు. చెప్పాలనుకునేవాడైతే ఆయన కొట్టించడు. నేను రాసుకున్న కాగితం బీరువాలో ఉంది, తాళంచెవి నా జేబులో ఉంది."

ఆయన లేచి ఆమె గదిలోకి వచ్చాడు. బల్ల వెనక్కి వంగి చూశాడు.

"ఇదేమిటి?"

"అడాప్టరు బాబూ. పాత కీబోర్డుకు."

"అడాప్టరుకు దీపమెందుకు? ఇలాంటి డబ్బీల గురించి విన్నాను. చూడ్డానికి అడాప్టరులాగే ఉంటాయి. టైపు చేసిందంతా లోపల దాచుకుంటాయి. తరవాత ఎవరో వచ్చి తీసుకుపోతారు. ఎవరు పెట్టారు?"

"తెలిసినతను."

"పేరు?"

"కనుక్కొని చెప్తాను."

"తెలిసినతని పేరు కనుక్కోవాలా?" అన్నాడు వకీలు. మళ్ళీ తనే, "శుక్రవారందాకా చూస్తాను. తరవాత పోలీసులకు రాస్తాను," అన్నాడు.

పోలీసులదాకా ఎందుకు, వకీలు నోటివెంట ఒక్క మాట వస్తే చాలు. ఆ వీధిలోని ఏ ఆఫీసూ తమ్ముణ్ణి గుమ్మం దాటనివ్వదు. ముప్ఫై ఏళ్ళుగా ఊరివాళ్ళ మిషన్లు విప్పుతున్న చేతులు ఊరికే ఒళ్ళో పడి ఉంటాయి. అది ఆమెకు తెలుసు. డబ్బీకి జ్ఞాపకం ఉందనీ తెలుసు. రెండూ పక్కపక్కన పెట్టుకుని ఇంటికి నడిచింది.

వంటింట్లో భర్త బీన్సు తుంచుతున్నాడు.

"మిల్లు ఆఫీసులో మిషన్లు బాగుచేసేది ఎవరండీ?"

"మీ తమ్ముడే. ఎందుకు?"

"పోయిన నెల మిల్లు మెట్ల మీద ఆ చిన్నబ్బాయి వీడి భుజం మీద చెయ్యేసి నవ్వుతున్నాడు. నా కళ్ళతో చూశాను."

ఆమె జరిగింది చెప్పింది. ఆయన బీన్సు పక్కన పెట్టాడు.

"వాడు గూఢచారా? వాడు పొద్దున తిన్నది మధ్యాహ్నానికి మర్చిపోతాడే."

"వాడు మర్చిపోతాడు. డబ్బీ మర్చిపోదు."

"పోయి వాణ్ణే అడుగు."

"అడిగితే చెప్తాడా?"

"చెప్పకపోతే చెప్పలేదని అనుమానిస్తావు. చెబితే అబద్ధమని అనుమానిస్తావు. ఇక వాడు నోరు తెరిచి లాభమేమిటి?" ఆయన మళ్ళీ బీన్సు తీసుకున్నాడు. "నీలోనువ్వు గొణుక్కోవడం ఆపి కాసేపు కూర్చో."

మంగళవారం ఆమె డబ్బీకి ఉచ్చు పన్నింది. తలుపు వేసుకొని ఒక వాక్యం టైపు చేసింది: 'మెట్ల కింద దుకాణాన్ని ఈ నెలాఖరుకు ఖాళీ చేయించాలని యజమాని నిర్ణయం.' ఏడు నిమిషాలు తెర మీద ఉంచి చెరిపేసింది. ఆకుపచ్చ దీపం రెప్ప వేయలేదు. డబ్బీ వింటే, విన్నది తమ్ముడికి చేరితే, ఎక్కడో ఒకచోట బయటపడుతుంది.

బుధవారం దుకాణానికి పోయింది. తమ్ముడు ఒక రేడియో కడుపులోకి చూస్తున్నాడు.

"ఎలా ఉందక్కా డబ్బీ? అక్షరాలన్నీ వస్తున్నాయా?"

"ఎందుకడుగుతున్నావ్?"

"డాక్టరు ఒంట్లో ఎలా ఉందని అడగడా?"

"నువ్వు డాక్టరువా?"

"పొద్దున్నే బావ మీద కోపం నా మీద చూపిస్తున్నావా?" అతను రేడియోను మూసి, చుట్టూ గోడలు చూశాడు. "నీకో మాట చెప్పాలి. ఈ దుకాణం ఖాళీ చేద్దామనుకుంటున్నాను."

ఆమె చెయ్యి గుమ్మం మీద ఉండిపోయింది.

"ఎందుకు?"

"మెట్ల కింద చెమ్మ ఎక్కువైంది. వస్తువులు పాడవుతున్నాయి. ఏమైందక్కా, అలా తెల్లబోయావు?"

"ఎప్పుడు అనిపించింది?"

"ఏది?"

"ఖాళీ చేయాలని."

"నిన్నా మొన్నా."

నిన్న. ఆమె మంచినీళ్ళు కూడా తాగకుండా బయటికి వచ్చేసింది. వెనకనుంచి, అక్కా, గొడుగు మర్చిపోయావు, అని పిలిచాడు. గొడుగులో ఏం పెట్టాడో అనుకుంది. అలా అనుకున్నందుకు సిగ్గుపడింది. అయినా వెనక్కి తిరగలేదు.

గురువారం పొద్దున వకీలు ఫిర్యాదు చెప్పి రాయించాడు. ఆమె టైపు చేసింది. ఆ డబ్బీగుండానే, ఒక్కో అక్షరం.

'మా కార్యాలయంలోని రహస్య పత్రంలోని మాటలను బయటికి చేరవేసిన వ్యక్తి పేరు', అని చెప్పి ఆగాడు. "ఇక్కడ ఖాళీ వదలండి. రేపు పొద్దున మీరే నింపి నా బల్ల మీద పెట్టండి. సంతకం చేస్తాను."

ఖాళీ వదిలింది. కర్సరు అక్కడ ఆగి కొట్టుకుంటూ ఉండిపోయింది.

మధ్యాహ్నం భోజనం డబ్బా తెరవలేదు. తమ్ముడు చేసిన డబ్బీని ఊడదీసి, సంచిలో వేసుకొని, గడియారాలు బాగుచేసే ఆయన దగ్గరికి పోయింది. ఆ వీధిలో ఒకరు లక్క చుక్క పెట్టి మూసినదాన్ని ఇంకొకరు తెరవరు. తెరిస్తే మొహం మీద కొట్టినట్టే. అది ఆమెకూ తెలుసు.

గడియారాల ఆయన కంటికి అద్దం పెట్టుకుని డబ్బీని తిప్పి చూశాడు. "ఇది మీ తమ్ముడి చెయ్యి. ఆయన దగ్గరికే తీసుకుపోవచ్చుగా."

"ఊళ్ళో లేడు."

"పొద్దున్నే చూశానే."

"తెరవండి."

"లక్క పగలగొడుతున్నాను. అడిగితే మీరే చెప్పారని చెప్తాను."

"చెప్పండి."

లక్క చిట్లింది. స్క్రూ తిరిగింది. మూత కింద గోరంత నల్లటి చిప్పు ఒకటి, నాలుగు సన్నటి తీగలు. వాటి మీద మడతపెట్టిన కాగితం. గడియారాల ఆయన దాన్ని చిన్న పట్టకారుతో తీసి ఆమెకిచ్చాడు.

తమ్ముడి చేతిరాత. 'అక్కా, తెరిచావు కదా. చూసుకో. చిప్పులో మీటల పట్టిక ఉంటుంది, ఇంకేం లేదు. ఎర్ర తీగ లాగొద్దు. శుక్రవారం, పద్నాలుగో తేదీ.' కాగితం అడుగున టేపుతో అతికించిన వెంట్రుక ఒకటి. పొట్టిది. తెల్లది.

గడియారాల ఆయన కంటి అద్దం తీసి ఆమె మొహం చూశాడు. "మంచివార్తేనా?"

ఆమె తేదీ చూస్తోంది. శుక్రవారం పద్నాలుగు. ఆ వాక్యం ఉన్నది మొదటి ప్రతిలోనే. మొదటి ప్రతి టైపు చేసింది బుధవారం, పన్నెండున. ఆ రోజు కీబోర్డు మెట్ల కింద, విప్పి, ఏ కంప్యూటరుకూ తగలకుండా పడి ఉంది. డబ్బీ అప్పటికి పూర్తే కాలేదు. వేళ్ళు మడిచి ఇంకోసారి లెక్కపెట్టింది. వేళ్ళు అదే చెప్పాయి.

తమ్ముడు కాదు. ఎద మీదినుంచి బండ తీసినట్టయింది. వీధి చివరకు వచ్చేసరికి మరో బండ వచ్చి కూర్చుంది. తమ్ముడు కాకపోతే ఎవరు?

ఆఫీసుకు వచ్చి డబ్బీని మళ్ళీ తీగ మధ్యలో పెట్టింది. అలమారలోంచి పల్చటి కీబోర్డును తీసి బోర్లించి చూసింది. కింద కాగితం బిళ్ళ తప్ప ఏమీ లేదు. చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూసింది. సాయంత్రం వకీలు కోర్టునుంచి నేరుగా ఇంటికి పోయాడు. ఆఫీసు ఊడ్చే ముసలామె చీపురుతో వచ్చింది.

"ఏం తల్లీ, దాన్ని మళ్ళీ తీశావు? ఇవాళ కథ చెప్తావా?"

"ఏం కథ?"

"ఆ నాలుగు రోజులూ భలే కాలక్షేపం అయిందిలే. నేను ముందు గది తుడుస్తుంటే నువ్వు లోపల చదువుతూ ఉండేదానివి. అంతకుముందు ఎన్నడూ నీ గొంతు వినలేదు. నీ ఇటుక రాగానే మళ్ళీ టకటకే."

"నేను చదవలేదే. టైపు చేశాను."

"ఏమో తల్లీ. చెయ్యి పట్టుకొని నడిపించిన మనిషికి అని ఒకటి చదివావు. చివరి మూడేళ్ళూ అని. నాకైతే కళ్ళనీళ్ళొచ్చాయి. మా ఆయన గుర్తొచ్చాడు. ఆ మిల్లు పిల్లాడికీ అంతే అనుకుంటా, టీ చల్లారిపోయినా తాగకుండా అట్టే కూర్చున్నాడు."

టైపమ్మకు బుధవారంనాటి గుసగుస గుర్తొచ్చింది. చేతులు ఆపితే ఆగిపోయేది. చేతులు కదిలితే మొదలయ్యేది.

అయినా ఊరికే నమ్మే మనిషి కాదు. ముసలామెను బెంచీ మీద కూర్చోమంది. లోపలికి పోయి పల్చటి కీబోర్డు తగిలించి, పెదాలు బిగించుకొని, ఎవరికీ తెలియని వాక్యం ఒకటి టైపు చేసింది.

"ఏం విన్నావు?"

"బీరువాలో నాలుగు గొడుగులెందుకు తల్లీ?" అంది ముసలామె, చెక్క అడ్డం అవతలినుంచి.

పెదాలు బిగించాననే అనుకుంది. కీబోర్డు మార్చింది. అదే వాక్యం టైపు చేసింది.

"ఇప్పుడు?"

"ఇప్పుడేముంది. టకటక."

పన్నెండు మిషన్ల గదిలో అలవాటైన నోరు అది. ముప్ఫై మూడేళ్ళుగా ఊరి వీలునామాలు, విడాకులు, తగవులు అన్నీ ఆ నోట్లో ముందు మెదిలి తరవాత వేళ్ళలోకి పోయాయి. చప్పుడు వాటిని కప్పింది. తీగను రోజూ తడిమింది, అతుకును నొక్కింది, డబ్బీని అనుమానించింది, తోడబుట్టినవాణ్ణి అనుమానించింది. తన నోటిని ఒక్కసారీ చూసుకోలేదు.

ముసలామె తలుపు దగ్గరికి వచ్చింది. "ఒంట్లో బాగాలేదా తల్లీ?"

"బాగానే ఉంది. నువ్వు పని చూసుకో."

తెర మీద ఫిర్యాదు అలాగే ఉంది. ఖాళీ అలాగే ఉంది. ఆమె కంప్యూటరు కట్టేసింది. ఆకుపచ్చ దీపం ఆరింది.

మర్నాడు పొద్దున ఆమె చుట్టుదారిన, మెట్ల కింద దుకాణం మీదుగా వచ్చింది. తమ్ముడు తలుపు తీస్తున్నాడు. గుమ్మానికి ఆమె గొడుగు వేలాడుతోంది. గొడుగుకు కూడా చీటీ కట్టి ఉంది.

"లక్క చుక్క మళ్ళీ పెట్టాలిరా," అంది.

అతను ఆమెవైపు చూశాడు.

"ఎర్ర తీగ లాగలేదుగా?"

"లేదు."

"సరే. సాయంత్రం వస్తా."

ఆమె గొడుగు తీసుకుని ఆఫీసుకు పోయింది. వకీలు ఇంకా రాలేదు. కుర్చీలో కూర్చుని తీగను తడిమింది. డబ్బీ దగ్గర ఆగలేదు. పెన్సిలు ఒకటి తీసి అడ్డంగా పళ్ళమధ్య పెట్టుకుంది. ఫిర్యాదు తెరిచి, ఖాళీలో తన పేరు టైపు చేసింది. దాని కింద ఇంకో వాక్యం చేర్చింది: 'కీబోర్డు చప్పుడు లేని రోజున, టైపు చేస్తూ పైకి చదివి.' కాగితం తీసి, చదివి, ఇంకోసారి చదివి, వకీలు బల్ల మీద పెట్టి, ఎగరకుండా పైన తాళంచెవుల గుత్తి ఉంచింది.

వెనక్కి వచ్చి పెన్సిలు పళ్ళమధ్యే ఉంచుకొని ఆ రోజు మొదటి కాగితం మొదలుపెట్టింది. బెంచీ మీద అప్పటికే ఇద్దరు కక్షిదారులు కూర్చుని ఉన్నారు. వాళ్ళకు టకటకే వినిపించింది.